అన్నం మానేసి నేను చెప్పిన సాక్ష్యం

విడవలూరు చుట్టుపక్కల పల్లెల్లో నా పేరు చెప్పుకుని ఇప్పటికీ అన్నం మానేస్తున్నవాళ్లు ఉన్నారని పోయిన నెలలో తెలిసింది. మిల్లుకు వడ్లు తెచ్చిన ఒక రైతు, నేనెవరో తెలియక నాతోనే అన్నాడు: "సుందరరావని ఈడే యాడనో ఉండాడంట. మూడేళ్లు మెతుకు ముట్టకుండా మాంసం, నెయ్యి తిని రోగమంతా పోగొట్టుకున్నాడంట. మా అత్త గూడా మొదలుపెట్టింది."

ఆ సుందరరావు నేనే. ఆయన విన్నదాంట్లో సగం నిజం. మిగతా సగం నేను దాచినందువల్ల ఆయనదాకా చేరలేదు. ఆయనకు అక్కడే, కాటా పక్కన నిలబెట్టి అంతా చెప్పాను. కానీ ఎంతమందికని ఒక్కొక్కరిని నిలబెట్టి చెప్పగలను? అందుకే ఇది రాస్తున్నాను. నేను వైద్యుణ్ణి కాను. నా ఒంటికి జరిగింది, నేను చేసింది, ఈ రెండే నాకు తెలుసు.

1962 చివర

అప్పటికి నాకు నలభై రెండేళ్లు. రైసుమిల్లులో గుమాస్తాని. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాటా పక్కన కుర్చీలో కూర్చునే పని. బస్తా వడ్లు డెబ్బై అయిదు కేజీలు తూగితే నేను బస్తా దాటి ఇంకో పాతిక కేజీలు తూగేవాణ్ణి. మూటలు మోసే పెంచలయ్య రోజూ అదే మాట అనేవాడు: "సుందరన్నా, నిన్ను లారీకి ఎత్తాలంటే ఇద్దరం గావాల. అదీ నువ్వు గమ్మున కూర్చుంటేనే."

నేనూ నవ్వేవాణ్ణి. కానీ మోకాళ్లు లేవనిచ్చేవి కావు. మిల్లు మెట్లు మూడు ఎక్కితే ఆయాసం. ఎంత నీళ్లు తాగినా దాహం తీరేది కాదు. మిషను బెల్టు కోసం యజమానితో మద్రాసు పోయినప్పుడు ఆయనకు తెలిసిన డాక్టరుకు చూపించుకున్నాను. చక్కెర జబ్బు మొదలవుతోందని, ముందు బరువు తగ్గాలని ఆయన చెప్పాడు. అన్నం, ఇడ్లీ, దోసె, బెల్లం, పండ్లు, దుంపలు అన్నీ మానాలి. మాంసం, చేపలు, గుడ్లు, వెన్న, నెయ్యి ఆకలి తీరేదాకా తినొచ్చు.

నేను లేచి తలుపుదాకా వచ్చాక ఆయన మళ్లీ పిలిచాడు. "మూడు నెలలు చేసి రండి. రక్తం పరీక్ష చేయాలి. చూడకుండా మాత్రం పొడిగించవద్దు."

ఈ మాట ఆయన రెండుసార్లు చెప్పాడు. నేను తల ఊపాను. తప్పు ఆయనది కాదని మొట్టమొదట రాయవలసి ఉంది.

1963

మొదటి వారం నరకం. తలనొప్పి, పిక్కలు పట్టేయడం, నాలుగు రోజులకోసారి దొడ్డికి పోవడం. నెల తిరిగేసరికి ఒళ్లు తేలికపడింది. ఆకలి అన్న మాటే మరిచిపోయాను. దాహం తగ్గింది. మోకాళ్లు నా మాట వినసాగాయి.

నోట్లో మాత్రం ఒక వాసన వచ్చి కూర్చుంది. వేపపుల్లకు పోలేదు, లవంగానికి పోలేదు. నా భార్య కరుణమ్మ మొహం పక్కకు తిప్పుకుని, "ఏందయ్యా ఇది, బాగా మాగిన పండును తట్టలో మరిచిపోయినట్టు" అంది. ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడేటప్పుడు ఒక అడుగు వెనక్కి నిలబడేది. కావాలని కాదు. అలవాటైపోయింది.

అంతకుముందు మేమిద్దరం, మా ఆడపిల్లలిద్దరూ ఒకే వరసలో కూర్చుని తినేవాళ్లం. మొలగొలుకుల అన్నం ఆవిరి మొహానికి తగులుతుంటే చూస్తూ కూర్చోలేక, మీరు ముందు తినండి, నేను తర్వాత తింటానన్నాను. కొన్నాళ్లకు నేను చెప్పకుండానే నేను వచ్చేసరికి వాళ్లు తినేసి చేతులు కడుక్కునేవాళ్లు. నాకు వేపిన చేపలు, గుడ్లు, గిన్నెలో నెయ్యి మూతపెట్టి ఉండేవి. చేపల పులుసు చేసిన రోజు మరీ కష్టం. మన వైపు పుట్టినవాడు పులుసును ఉత్తగా ఏం చేసుకుంటాడు?

దారిలో ఎవరు ఎదురైనా "అన్నం తిన్నావా?" అనే గదా పలకరిస్తారు. దానికి నా దగ్గర జవాబు లేకుండా పోయింది. తిన్నానంటే అబద్ధం, తినలేదంటే ఆగి కారణం అడుగుతారు. మెల్లగా జనం ఎదురుపడని దారిన మిల్లుకు పోవడం మొదలుపెట్టాను. పగలంతా బియ్యం మధ్యే ఉండేవాణ్ణి. జుట్టులో తవుడు, చొక్కా మీద తవుడు. మధ్యాహ్నం గోదాము వెనక నీడలో డబ్బా మూత తీసి రెండు ఉడికిన గుడ్లు తినేవాణ్ణి.

శనివారం శనివారం పెంచలయ్య నన్ను కాటా ఎక్కించేవాడు. దసరా నాటికి సరిగ్గా ఒక బస్తా తూగాను. మిల్లు మిల్లంతా చప్పట్లు కొట్టింది. "ఇప్పుడు నేనొక్కణ్ణే ఎత్తుతా" అని పెంచలయ్య నిజంగానే ఎత్తి చూపించాడు.

మూడు నెలలు ఎప్పుడో దాటిపోయాయి. మద్రాసు పోలేదు. కాటా చెబుతుంటే ఇంక డాక్టరెందుకు అనుకున్నాను. రక్తంలో ఏముందో కాటాకు తెలియదన్న సంగతి నాకు తట్టలేదు.

1964 ఫిబ్రవరి

మా చర్చిలో వరి ఇంటికొచ్చాక కోతపండుగ చేస్తారు. కొత్త వడ్లు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి బల్ల ముందు పెడతారు. ఆ ఏడు మేలు పొందినవాళ్లు లేచి సాక్ష్యం చెబుతారు. ఒక్కో సాక్ష్యానికి సంఘమంతా ఒక్కో చరణం పాడుతుంది. అలా పాడాక ఆ సాక్ష్యం చెప్పినవాడిది కాదు, అందరిదీ. పుట్టింటికి పోయిన ఆడవాళ్లు అక్కడ చెబుతారు, పెళ్లిళ్లలో చెబుతారు. చెప్పిన సాక్ష్యాన్ని మళ్లీ లేచి దిద్దుకున్నవాణ్ణి మాత్రం నేను చూడలేదు.

ఆ ఏడు నేను లేచాను. పాత చొక్కా నా మీద గోనెసంచిలా వేలాడుతుంటే దాన్నే పట్టుకుని చూపించాను. బైబిల్లో ఐగుప్తును విడిచినవాళ్లలాగా అన్నం కుండను విడిచానన్నాను. పాస్టరుగారు నవ్వి, "వాళ్లు విడిచింది మాంసం కుండలు గదయ్యా, నువ్వు వాటి దగ్గరికే పోతివే" అన్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు ఉత్సాహం ఇచ్చింది. ఆ ఉత్సాహంలో ఇంకో మాట అన్నాను: "మద్రాసు డాక్టరు మళ్లీ పరీక్షచేసి, అంతా బాగుందని మెచ్చుకున్నాడు."

ఆ మాట అబద్ధం. ఎవరూ అడగలేదు, అయినా చెప్పాను. సంఘం చరణం పాడింది.

తర్వాత ప్రేమవిందు. కొత్త బియ్యపు అన్నం, గుమ్మడికాయ పులుసు. చెట్ల కింద వరసలు. నేను నా డబ్బా తీసుకుని చర్చి వెనక మెట్టు మీద కూర్చున్నాను. కాసేపటికి కరుణమ్మ అన్న దానియేలు తన విస్తరాకు రెండు చేతులా పట్టుకుని వచ్చాడు. దానియేలు మనుబోలులో బడిపంతులు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. నా అంత లావు కాకపోయినా భారీ మనిషే. పండుగకని చెల్లెలి ఇంటికి వచ్చాడు.

"ఏంది బావా, సాక్ష్యం జెప్పినోడివి ఒక్కడివే ఈడ?"

"అక్కడ అందరూ అన్నం తింటాండారు గదా."

ఆయన నా పక్కన కూర్చుని తిన్నాడు. తింటూ తింటూ నా డబ్బాలోకి చూసి అన్నాడు: "నాకూ మోకాళ్లు నొస్తాండాయి. నేను గూడా మొదలుపెడతా. డాక్టరు సూసి బాగుందన్నాడు గదా?"

"అన్నాడు" అన్నాను.

"అయితే ఇంకేం. నీకూ ఒక తోడుంటది."

మోకాళ్ల మాట నిజమే. కానీ ఆయన అన్నం మానింది సగం నా కోసమని నాకు అప్పుడే తెలుసు.

ఆ ఏడాదంతా నెలకోసారి దానియేలు మా ఇంటికి వచ్చేవాడు. అరుగు మీద ఇద్దరం కూర్చుని తినేవాళ్లం. ఆయనకు నవ్వులాట ఎక్కువ. "మేయ్ కరుణా, మీ ఆయన నోరూ నా నోరూ ఒకే వాసన. ఇంక ఎవుర్ని తిడతావో తిట్టు" అనేవాడు. ఇన్నేళ్ల జబ్బులో నేను ఒంటరిగా లేనిది ఆ రోజుల్లోనే.

1965 ఏప్రిల్

సంక్రాంతి దాటినప్పటి నుంచి సముద్రపు గాలికి ఎదురు నడిస్తే రొమ్ము మధ్య ఎవరో పిడికిలితో అదిమినట్టు ఉండేది. నిలబడితే పోయేది. నడిస్తే దవడదాకా పాకేది. రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. బాగుపడ్డానని లేచి చెప్పినవాణ్ణి, బాగాలేదని ఎవరితో చెప్పను? మిల్లు పని ఉందని కరుణమ్మతో చెప్పి మద్రాసు పోయాను.

పరగడుపున రక్తం ఇవ్వాలన్నారు. గోడవారగా పొడుగాటి బెంచీ. నా పక్కన ఒక అరవ ముసలామె. కొడుకును లోపలికి తీసుకుపోయారట. ఆమెకు తెలుగు రాదు, నాకు అరవం అంతంతమాత్రం. రక్తం ఇచ్చి దూది నొక్కిపట్టుకుని వచ్చి కూర్చున్నాను. నా మొహం చూసి ఆమె "సాప్టియాప్పా?" అంది. తిన్నావా నాయనా అని. లేదన్నట్టు చెయ్యి ఊపాను. పొట్లం విప్పి రెండు ఇడ్లీల్లో ఒకటి నా చేతిలో పెట్టింది. రెండేళ్ల పైన బియ్యం తగలని చెయ్యి అది. తిన్నాను. కళ్లలో నీళ్లు వచ్చాయి. ఆమె తన కొడుకు కోసం దాచిన ఇంకో ఇడ్లీని కూడా జరిపింది. వద్దని దణ్ణం పెట్టాను.

ఫలితం కోసం నాలుగో రోజు మళ్లీ పోయాను. డాక్టరు కాగితం చూసి, నన్ను చూసి, దాన్ని బల్ల మీద నా వైపు జరిపాడు.

"బరువు తగ్గింది నిజం. చక్కెర తగ్గింది, అదీ నిజం. కానీ మీ రక్తంలో కొలెస్ట్రాల్ ఉండవలసినదానికి రెట్టింపు దగ్గర ఉంది. కొవ్వులాంటి పదార్థం అది. అలా పెరిగి ఉంటే గుండెకు రక్తం తీసుకుపోయే దారులకు మంచిది కాదు. మీ నాన్నగారు ఎలా పోయారు?"

"గట్టు మీద నడుస్తా నడుస్తా కూలబడ్డాడు. నలభై ఎనిమిదేళ్లు."

"నొప్పికి ఈ తిండి ఒక్కటే కారణమని నేను చెప్పలేను. ఇలాంటి తిండికి కొందరికి కొలెస్ట్రాల్ బాగా పెరుగుతుంది. కొందరికి అంతగా మారదు. ఎవరి ఒళ్లు ఎలాంటిదో మనిషిని చూసి చెప్పే విద్య నాకు రాదు. అందుకే మూడు నెలలకు రమ్మన్నాను."

నేను తలెత్తలేదు. ఆయన మందులు రాసి, నెయ్యి, వెన్న, మాంసం ఆపమన్నాడు. కూరగాయలు, పప్పు, చేపలు, కొలతగా అన్నం తినమన్నాడు. చివర అడిగాడు: "మీ ఇంట్లో ఇంకెవరైనా ఇలా తింటున్నారా?"

"లేదండీ" అన్నాను. మా ఇంట్లో ఎవరూ తినడం లేదు. దానియేలు ఇల్లు మనుబోలులో ఉంది. ఆ మాట అన్నప్పుడు ఇలాగే లెక్క సరిపెట్టుకున్నాను.

ఆ ఏప్రిల్ నుంచి నవంబరు దాకా

నెల్లూరులో భోజన హోటల్లో గోడవైపు తిరిగి కూర్చుని అన్నం తినేవాణ్ణి. మిల్లు పని మీద వారానికి రెండు మూడుసార్లు పోయేవాణ్ణి కాబట్టి కుదిరేది. ఒకరోజు కరుణమ్మ నా ముందుకొచ్చి నిలబడింది. ఆ అడుగు దూరం లేదు.

"నీ నోట్లో వాసన పోయింది. అన్నం తింటాండావు గదా?"

"డాక్టరు, తగ్గింది చాలన్నాడు."

"మంచిదే గదా. దొంగతనమెందుకు?"

"ఊళ్లో నవ్వుతారని. మీ అన్నతో గూడా అనబాక."

ఆమె నమ్మింది. ఆ రోజు నుంచి ఇంట్లో తలుపు దగ్గరగా వేసుకుని తిన్నాను. కాగితం మాత్రం చూపించలేదు. చూపిస్తే తెల్లారే మనుబోలు బస్సెక్కి అన్న దగ్గరికి పోయేది.

దానియేలు మామూలుగానే నెలకోసారి వచ్చాడు. ఆయన వచ్చిన రోజు నేను మళ్లీ గుడ్లు, మాంసం ముందుపెట్టుకుని కూర్చునేవాణ్ణి. "నెయ్యి ఇంకొంచెం ఏసుకో బావా, మొగమాటపడతాండావు" అని ఆయనే వడ్డించేవాడు. తన గిన్నెలోకి వంపుకునేవాడు. నేను చూస్తూ కూర్చునేవాణ్ణి. ఇవాళ చెబుదాం అనుకునేవాణ్ణి. ఆయన ఏదో ఒకటి చెప్పి నవ్వించేవాడు. బస్సు వేళయ్యేది.

ఏడు నెలలు ఎందుకు చెప్పలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. చర్చిలో అబద్ధం చెప్పానని తెలుస్తుందన్న సిగ్గు ఒకటి. కానీ అంతకంటే పెద్దది ఇంకొకటి ఉంది. చెబితే ఆయన అరుగు మీదకు రావడం మానేస్తాడు. నా పక్కన కూర్చునే మనిషి ఉండడు. నా ఒంటరితనానికి భయపడి ఆయన గుండెను పణంగా పెట్టాను. దీన్ని ఇంతకంటే మర్యాదగా రాయడం నాకు చేతకాదు.

నవంబరు

దానియేలు కార్డు రాశాడు. వచ్చే ఆదివారం మనుబోలు చర్చిలో తనను సాక్ష్యం చెప్పమన్నారని, నేను పక్కన ఉండాలని. ఇంక దాచకూడదని, ఆరాధన మొదలయ్యేలోపలే చెప్పాలని పొద్దున్నే బస్సు ఎక్కాను. చర్చి ముందు ఆయన నా భుజం మీద చెయ్యేసి అందరికీ చూపించాడు. "ఇదిగో, మా బావ. నాకు దారి జూపించినోడు." వాళ్లు వందనాలు చెప్పారు. నేనూ చెప్పాను. గంట మోగింది.

ఆయన లేచి చెప్పాడు. నా మాటలే. మద్రాసు డాక్టరు మెచ్చుకున్న సంగతి కూడా. సంఘం పాడుతుంటే నేను పెదవులు కదిలించాను.

ఇంటికి నడిచేటప్పుడు రైలు గేటు వేసి ఉంది. అక్కడ చెప్పాను. నేను సాక్ష్యం చెప్పేనాటికి డాక్టరు దగ్గరికి మళ్లీ పోనేలేదని, తర్వాత పోయాక ఏం తేలిందో, అన్నీ. జేబులోని కాగితం ఇచ్చాను. ఆయన చదివి మడత పెట్టాడు. రైలు పోయింది, గేటు లేచింది, ఇద్దరం నిలబడే ఉన్నాం.

"ఎప్పటిది ఇది?"

"ఏప్రిల్."

"ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చినా మీ ఇంటికి?"

నేను పట్టాల వైపు చూశాను.

"సరే, అదట్టుండనీ. పొద్దున చర్చి కాడ ఎందుకు చెప్పలా? నేను లెయ్యకుండా ఉందును గదా. ఇప్పుడు నాచేత గూడా చెప్పిస్తివే."

అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

1966 జనవరి

సంగతి తెలిశాక కరుణమ్మ నాతో మాట్లాడటం మానేసింది. వడ్డించేది, పిల్లల ద్వారా అడిగించేది. దానియేలును మద్రాసు తీసుకుపోతానని నేనే కబురు పెట్టాను. వచ్చాడు. అదే బెంచీ. ఇద్దరి మధ్య ఒక మనిషి కూర్చునేంత చోటు. "ఏమన్నా కావాలా బావా?" అంటే "వద్దు" అన్నాడు. నాలుగు రోజులు ఒకే సత్రంలో ఉన్నాం. ఆయన వేరే చాప వేసుకున్నాడు.

ఫలితం వచ్చింది. దానియేలు రక్తంలో కొలెస్ట్రాల్ మామూలుగా ఉంది. ఏ తేడా లేదు. ఏడాదిన్నర పైగా అదే నెయ్యి, అదే మాంసం. డాక్టరు నా వైపు చూసి, "చెప్పాను గదా, అందరి ఒళ్లూ ఒకటి కాదు" అన్నాడు. దేవునికి స్తోత్రం అని పైకే అన్నాను.

బయటికి వచ్చాక ఆయన చెయ్యి పట్టుకోబోయాను. ఆయన వెనక్కి తీసుకున్నాడు.

"నా రక్తం బాగుండాది, మంచిదే. బాగలేకపోయుంటే? బాగుంటదని నీకు తెలుసా?"

"తెలియదు."

"తెలియకుండానే నా గిన్నెలోకి చూస్తా కూర్చున్యావు."

నెల్లూరు బస్సు కదలబోతోంది. ఆయన ఎక్కలేదు. "నువ్వు దీంట్లో పో సుందరం. నేను తర్వాతి దానికి వస్తా." మా పెళ్లినాటి నుంచి ఆయన నన్ను పేరుపెట్టి పిలవడం అదే మొదలు. చిల్లకూరు, మనుబోలు దాటి నెల్లూరు వచ్చేదాకా నా పక్క సీటు ఖాళీగానే ఉంది.

ఆ తర్వాత

ఫిబ్రవరి కోతపండుగలో లేచి, రెండేళ్ల కింద చెప్పినదాంట్లో అబద్ధం ఉందని చెప్పాను. ఏది నిజమో, ఏది కాదో విడగొట్టి చెప్పాను. కూర్చున్నాక ఏ చరణం ఎత్తుకోవాలో ఎవరికీ తోచలేదు. పాస్టరుగారు ప్రార్థన చేసి ముగించారు. ప్రేమవిందులో నా విస్తరాకుకు అటూ ఇటూ చోటు మిగిలింది.

ఇప్పుడు కొలతగా అన్నం తింటున్నాను. ఎక్కువగా పప్పు, ఆకుకూరలు, చేపలు. పోయిన బరువులో సగం తిరిగి వచ్చింది. కొలెస్ట్రాల్ దిగింది, పూర్తిగా కాదు. గాలికి ఎదురు నడవగలుగుతున్నాను, ఆగి ఆగి. ఆరు నెలలకోసారి చెప్పిన రోజుకే మద్రాసు పోతున్నాను.

ఇది చదివేవాళ్లు అన్నం మానాలా వద్దా అన్నది నేను చెప్పలేను. మా ఇద్దరికీ ఒకే తిండి, రెండు రకాల రక్తం. నేను చిక్కిపోవడం చూసి మీరు మానవద్దు, నా రొమ్ము నొప్పి విని భయపడవద్దు. డాక్టరు ఏ రోజు రమ్మంటే ఆ రోజు పోండి. కాగితం మీద ఏమి ఉంటే అది ఇంట్లోవాళ్లకు చదివి వినిపించండి.

కరుణమ్మ మాట్లాడుతోంది. దానియేలు నేను మిల్లులో ఉన్న వేళ చూసి చెల్లెలి దగ్గరికి వచ్చిపోతుంటాడు. ఇది రాయడం పూర్తయ్యాక ముందు ఆయన చదవాలని కరుణమ్మ చేత మనుబోలు పంపాను. ఆయన పేరు తీసెయ్యమంటే తీసేస్తానని చీటీ పెట్టాను.

పది రోజులకు తిరిగి వచ్చింది. ఉత్తరం లేదు. పేరు కొట్టెయ్యలేదు. బడిపిల్లల పుస్తకాలు దిద్దే ఎర్ర సిరాతో ఒకే ఒక్కచోట దిద్దాడు. దాచిన సంగతి గురించి నేను "ఆరు నెలలు" అని రాసుకున్నాను. ఆయన దాన్ని కొట్టేసి, పైన "ఏడు" అని రాశాడు.

వేళ్ల మీద లెక్కపెట్టి చూశాను. ఏడే.